తీసి చూసిన ఇల్లు

బడికి 30 రోజులు

ఈ రోజు గుడ్డపెట్టె ఇచ్చారు. బడి నుంచి ప్రమీల మేడం తెచ్చింది. ఆరేళ్ళు నిండిన పిల్ల ఉన్న ప్రతి ఇంటికీ ఒకటి. ఏడో బొగ్గుబాయి కాలనీలో ఈ ఏడాది అలాంటి ఇళ్ళు పదకొండు.

పద్ధతి ఇది. సాయంత్రం చాప పరిచే ముందు పిల్ల పడుకునే చోట నేలను తడిగుడ్డతో తుడవాలి. ఆ గుడ్డను పెట్టెలో పెడితే, దుమ్ములో విషం ఎంతుందో మర్నాడు పొద్దున మూత మీద అంకెగా వస్తుంది. రోజుకు ఒక్క గుడ్డే. అంకె పదికి మించకూడదు. బడి తెరిచే ముందు మూడు రోజులు వరసగా అలా వస్తే పిల్ల ఇంటి నుంచి బడికి పోవచ్చు. రాకపోతే అద్దాల ఇంటికి తీసుకుపోతారు. పదహారేళ్ళు వచ్చేదాకా అక్కడే. నెలకోసారి అద్దానికి ఇవతల నిలబడి చూసుకోవచ్చు.

నేను పద్ధతిని తప్పుపట్టను. మా అన్న కొడుకు పదేళ్ళకు కూడా తన పేరు చెప్పలేకపోయాడు. అప్పట్లో అలాంటి పిల్లలు ఇంటికొకరు ఉండేవారు. గోడ రంగులో, బొమ్మల్లో, నీళ్ళ డబ్బాల్లో ఏముందో ఎవరూ చూడలేదు. ఇప్పుడు చూస్తున్నారు.

పెట్టె నా చేతికిస్తూ మేడం నా భార్య ఓదెమ్మ వైపు తిరిగింది.

"బూడిద ఇటుకల కాడ ఎన్నేండ్లు చేసినవమ్మా?"

"తొమ్మిదేండ్లు మేడం. చంద్రి కడుపుల పడ్డంక బంద్ చేసిన."

మేడం రాసుకుంది.

బడికి 29 రోజులు

అంకె 12. రెండు ఎక్కువ.

బడి ఇచ్చిన జాబితాను గోడకు తగిలించాను. పలక, బలపాలు, సంచి, అన్నం డబ్బా, నీళ్ళ బుర్ర. రంగు పూసినది ఏదీ ఉండకూడదు. పారేస్తే మట్టిలో కలవాలి, లేదా కరిగించి మళ్ళీ వాడుకునేలా ఉండాలి. పిల్ల వేలు తెగే అంచు ఎక్కడా ఉండకూడదు. ఈ చివరి మాట కింద గీత గీసి ఉంది.

అన్నీ నేనే చేస్తాను. నాకు ఎవరూ పని నేర్పలేదు. బాయి మూతపడ్డాక వర్క్‌షాపు బీరువాల్లో మిగిలిన పుస్తకాలు చూసి చదవడం నేర్చుకున్నాను. వాటిలోని బొమ్మలు చూసి పని నేర్చుకున్నాను. ఏ రోజు ఏం చేశానో ఆ రోజే రాసిపెట్టడం కూడా అక్కడి రిజిస్టర్లు చూసి అలవాటయిందే.

ఇంటి అంకె తగ్గించడానికి 'తీసి చూసుడు' పద్ధతి పాటిస్తాను. కాలనీలో అందరూ చేసేది అదే. బొగ్గు తవ్వే రోజుల్లో అడుగున పొగ వాసన వస్తే ఒక్కో దారి మూసి చూసేవారట. ఏది మూస్తే వాసన ఆగిందో తప్పు ఆ దారిది. ఇప్పుడు ఇంట్లోంచి ఒక్కో వస్తువు తీసి, మర్నాడు అంకె చూస్తాం. తగ్గితే తప్పు ఆ వస్తువుది.

బడికి 28 రోజులు

అంకె 12.

ఇనుప బీరువా బయట పెట్టాను. దాని ఆకుపచ్చ రంగు పెచ్చులు లేస్తోంది. ఓదెమ్మ ఇటుకల కూలితో కొనుక్కున్నది.

"దానికి నోరు లేదు గాబట్టి బతికిపోయినవ్. లేకుంటే నిన్ను తిట్టిన తిట్టు తిట్టకుండ తిడుతుండె" అంది. "బట్టలు ఏడ పెట్టుకోవాలె?"

"తాడు మీద."

"నన్ను గూడ తాడు మీదనే ఆరేయి."

బడికి 26 రోజులు

అంకె 11. బీరువాదే తప్పు అనుకుంటున్నాను.

పలక అయింది. నల్లరాయి పలుచగా చీల్చి, టేకు చట్రం కట్టి, మూలలు గుండ్రంగా చేశాను. మేకులు వాడలేదు. చింతగింజల జిగురు. సొరకాయ బుర్ర ఎండుతోంది. సంచి గోనెది. చంద్రి ఎర్ర సంచి కావాలని ఏడ్చింది. రంగు కుదరదని చెప్పాను. ఇంకా ఏడిస్తే సంచే ఉండదన్నాను. మానింది.

అన్నం డబ్బా మొదలుపెట్టాను. రేకు వర్క్‌షాపు నుంచి తెచ్చిపెట్టుకున్నది. అతుకులకు తీగ కరిగించి మాటు పెట్టాను. మాటు తీగ చుట్ట కూడా అక్కడ దొరికిందే. మెత్తటి తగరం. చల్లారాక మాటు గరుకుగా ఉంటుంది. వేలికి గీరుకుంటుంది. ఆకురాయితో నున్నగా అరగదీయాలి.

వెనక వసారాలో కూర్చుని పని చేశాను. డబ్బా కదలకుండా ఓదెమ్మ ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది.

"ఇంత నున్నగ ఎందుకయ్యా? పొల్ల అన్నం తింటదా, డబ్బాల మొకం చూసుకుంటదా?"

"వేలు తెగకూడదు."

"నా వేలు మీదికెల్లి పోతున్నది నీ రాయి. అది తెగితే పర్వలేదా?"

చంద్రి నవ్వింది. ఓదెమ్మ కొంగు దులుపుకుని లేచి పిల్లను ఎత్తుకుని లోపలికి పోయింది.

బడికి 24 రోజులు

నిన్న 14. ఈ రోజు 16.

బీరువా కాదన్నమాట. నిన్న ఊరగాయ జాడీ తీశాను. ఈ రోజు ఓదెమ్మ రంగు చీరలన్నీ మూట కట్టి ఎవరికైనా ఇచ్చేయమన్నాను. ఆరు చీరలు. రెండు తెల్లవి ఉంచాను.

"రండముండ లెక్క తిరగమంటవా?" అని అడిగింది.

"పది రాకపోతే పిల్ల పోతుంది" అన్నాను.

ఆ తరువాత మూట తనే మోసుకుపోయి ఇచ్చి వచ్చింది.

బడికి 21 రోజులు

అంకె 18. నిన్నంతా, ఈ రోజూ డబ్బా మూత మీద పని. మూత బిగుతుగా వస్తోంది.

పక్కింటి మొగిలి వచ్చాడు. వాళ్ళ ఇంట్లో మొదటి రోజు నుంచీ ఆరు దాటలేదు. వాళ్ళ పిల్లదీ చంద్రి ఈడే.

"ఏం గట్టన్నా, ఇల్లంత ఊడ్చి బయట పోసినవ్. గోడలు గూడ తీస్తవా?"

"ఏది తీసినా తగ్గడం లేదు."

"సామాను తీస్తే ఏం తగ్గుతదే. బూడిద ఏడికెల్లి వచ్చిందో ఆడ చూడాలె." గొంతు తగ్గించాడు, తగ్గించినా వంటింటికి వినిపించింది. "తొమ్మిదేండ్లు పీల్చిన బూడిద ఏడికి పోతదన్నా? ఎంటికెలల్ల ఉంటది, తోలుల ఉంటది. పొల్లను పక్కలేసుకొని పండుతున్నదాయె."

వంటింట్లోంచి ఓదెమ్మ అంది: "మొగిలీ, నీ పెండ్లాం పోయిన ఏడు మా బట్టీల ఇటుకలతోనే గోడ కట్టుకున్నది. ఆ గోడకు ఆనుకొని పండుతున్నవ్ రోజు. లేసినంక జర నీ ఈపు దులుపుకో."

మొగిలి నవ్వుతూ పోయాడు. నేను నవ్వలేదు. అతను చెప్పినది ఆలోచించాను. ఇంట్లో అన్నీ తీసి చూశాను. మనిషిని తీసి చూడలేదు.

బడికి 20 రోజులు

అంకె 21.

ఓదెమ్మ జుట్టు తీసేశాను. కత్తెరతో, తరువాత కత్తితో. నేనే చేశాను. పెరట్లో పీట వేసి కూర్చోబెట్టాను. మొదట్లో తల అటూ ఇటూ తిప్పింది, కదిలితే తెగుతుందని చెప్పాను. తరువాత కదలలేదు. నడుము దాకా ఉండే జుట్టు. గొయ్యి తీసి పూడ్చాను. కుంకుడుకాయతో మూడుసార్లు ఒళ్ళు రుద్దుకోమన్నాను. రుద్దుకుంది.

చంద్రి, బడి తెరిచే ముందు పిల్లలకు చెప్పే 'బడి ముందు పాఠానికి' పోయి వచ్చింది. తల్లిని చూసి గడప దగ్గరే నిలబడిపోయింది.

"ఎవరే నువ్వు?" అంది.

"నీ మొగున్ని" అంది ఓదెమ్మ. చంద్రి నవ్వడానికి చాలాసేపు పట్టింది.

బడికి 18 రోజులు

అంకె 19. రెండు తగ్గింది. దారి సరైనదే.

ఓదెమ్మ చాప వెనక వసారాలో వేయించాను. గదికీ వసారాకూ మధ్య సుద్దతో గీత గీశాను. అన్నం వసారాలోనే. పిల్లను ముట్టుకోవద్దన్నాను. పిల్లకు కూడా చెప్పాను. చెప్పనక్కర లేకపోయింది. బడి ముందు పాఠంలో నేర్పుతున్నారు. గీతకు ఇవతల నిలబడి చేతులు కట్టుకుని అప్పజెప్పింది.

"గీత దాటొద్దు. దుమ్ము తేవొద్దు. దూరంకెల్లి ప్రేమ చెయ్యాలె."

"శబాష్ బిడ్డా" అంది ఓదెమ్మ. "మల్లొక్కసారి చెప్పు, చెవుల నింపుకుంట."

పొద్దున వసారాలో డబ్బా లోపలి అంచులు అరగదీశాను. ఇంక ఆమెకు వేరే పని లేదు, పట్టుకుని కూర్చుంది. చాప మీదే కూర్చుని చేసుకున్నాం.

బడికి 16 రోజులు

నిన్న అంకె 23. అందుకే నిన్న సాయంత్రం గుడ్డతో చంద్రి చోటు తుడవలేదు. ఓదెమ్మ చాప కింద తుడిచి పెట్టాను. రోజుకు ఒక్క గుడ్డే కనుక ఇన్నాళ్ళూ ఆ పని చేయలేదు.

ఈ పొద్దున మూత మీద అంకె 34.

ఆమెకు చూపించాను. చాలాసేపు చూసింది. చదవడం రాదు కానీ అంకెలు తెలుసు.

"నా చాప కిందనా?"

"అవును."

"పొల్ల కిందికన్న ఎక్కువ."

"అవును."

చేతులు తిప్పి ముందూ వెనకా చూసుకుంది. ఆ తరువాత రోజంతా పెరట్లోనే ఉంది. వసారాలోకి రమ్మన్నా రాలేదు.

డబ్బా పని నిన్న పొద్దున వసారాలో అయిపోయింది. అంచు మీద వేలు ఎటు తిప్పినా ఎక్కడా తగలదు.

బడికి 15 రోజులు

అంకె 20.

ప్రమీల మేడం వచ్చింది. 34 సంగతి చెప్పాను. పేరు రాస్తావా అని అడిగింది.

పేరు రాయడం అంటే ఇల్లే తన తప్పు చెప్పుకోవడం. బడి గుమ్మంలో రెండు పలకలున్నాయి. వెనకట బాయిలోకి దిగేవాళ్ళు ఇత్తడి బిళ్ళలు తగిలించిన పలకలే. ఒకదాని మీద ఇంటి మనుషుల బిళ్ళలు. ఎవరి పేరు రాస్తే వాళ్ళ బిళ్ళ రెండో పలక మీదికి పోతుంది. ఆ మనిషి కరెంటు ఫ్యాక్టరీ బూడిద వదిలిన చెరువు పక్కన, 'బూడిద వరస' ఇళ్ళకు పోవాలి. పిల్లకు పదహారేళ్ళు వచ్చేదాకా ఇంటికి రాకూడదు. నెలకోసారి తీగకు అవతల నుంచి చూసుకోవచ్చు.

మేడం మాట కటువుగా ఉండదు. మెల్లగా, అందరికీ అర్థమయ్యేలా మాట్లాడుతుంది.

"గట్టయ్యా, మంచిగ సోంచాయించుకో. ఒళ్ళు పరీక్ష చేసే మిషన్ వానలు వెనకబట్టినంకనే వస్తది. గప్పటిదాక ఇంటి మాటనే మాకు రుజువు. రేపు తప్పు పేరు రాసినవని తేలిందనుకో, ఇల్లు అబద్ధమాడినట్టు. ఇగ పొల్ల అద్దాల ఇంటికే. మల్ల మాట ఉండదు."

నేను ఓదెమ్మను చూశాను. ఆమె వసారా మెట్టు మీద కూర్చుని ఉంది.

"నన్నేం జూస్తవ్?" అంది. "రాయి. ఇద్దర్ల ఎవరో ఒకరం దగ్గరుండాలె గదా పొల్లకు. అద్దాల ఇంటికి పోతే ఎవ్వరం ఉండం."

రాశాను. కింద సంతకం పెట్టాను. ఆమె వేలిముద్ర వేసింది. మేడం ఆ వేలిని తుడవడానికి గుడ్డ ఇచ్చి, గుడ్డను వెనక్కి తీసుకోలేదు.

బడికి 14 రోజులు

అంకె 17.

పొద్దున ట్రాలీ వచ్చింది. ఓదెమ్మకు ఒక మూట. రెండు తెల్ల చీరలు, చాప, గ్లాసు. చంద్రి గీత దగ్గర నిలబడింది.

"ఎప్పుడొస్తవ్?"

"నువ్వు నా అంత పొడుగైనంక."

"పీట ఎక్కితే?"

"పీట ఎక్కితే లెక్కకు రాదు."

ట్రాలీ కదిలాక వసారా మూడుసార్లు కడిగాను. గోడలు కూడా.

బడికి 12 రోజులు

నిన్న 13. ఈ రోజు 9.

మొగిలి వచ్చి నా భుజం తట్టాడు. "చెప్పిన్నా లేదా" అన్నాడు.

బడికి 1 రోజు

అంకె 6. నిన్న 6. మొన్న 7. మేడం చీటీ మీద ముద్ర వేసింది. కాపు నెల అని మొదటి ముప్పై రోజులు పెట్టె ఇంట్లోనే ఉంటుంది. ఈ నెలలో వరసగా మూడు రోజులు పది దాటితే పిల్లను తీసుకుపోతారు.

చంద్రి సామానంతా చాప మీద వరసగా పెట్టుకుని చూసుకుంటోంది. డబ్బాలో ముఖం చూసుకుంది.

బడి మొదటి రోజు

చంద్రిని దింపి వచ్చాను. ఏడవలేదు. గుమ్మం దగ్గర రెండో పలకను చూపించి, "మా అమ్మ గిక్కడున్నది" అని పక్క పిల్లకు చెప్పింది.

బడి తొమ్మిదో రోజు

అంకె 5.

మొగిలి వచ్చాడు. "అన్నా, మా పొల్ల అన్నం ముడుతలేదు. చంద్రి డబ్బా అసొంటిది గావాలంట. మస్తు లొల్లి చేస్తున్నది. జర ఒకటి చేసియ్యరాదు."

సరేనన్నాను. రేకు మిగిలి ఉంది.

బడి పదకొండో రోజు

అంకె 15.

పెట్టె చెడిపోయిందేమో అనుకున్నాను. నిన్న ఇంట్లోకి కొత్త వస్తువేదీ రాలేదు. నేను మొగిలి డబ్బా పనిలో ఉన్నాను. ఈ పొద్దున కూడా చేశాను.

మధ్యాహ్నం మేడం వచ్చింది. అంకె బడికి తెలిసిపోతుంది.

"ఓదెమ్మ వచ్చిందా ఇంటికి?"

"నాకు తెలియదు."

"బూడిద వరసకు తీగ ఉన్నది గని గోడ లేదు. రాత్రిపూట ఆరు కిలోమీటర్లు నడిచేది పెద్ద పని గాదు." చంద్రిని దగ్గరికి పిలిచింది. "అమ్మ గిట్ల వచ్చిందా బిడ్డా? నువ్వు పండుకున్నప్పుడు?"

చంద్రి ఆలోచించింది. "నేను చూడలే. గని వచ్చే ఉంటది మేడం. అమ్మకు నేనంటే పాణం."

మేడం రాసుకుంది.

బడి పన్నెండో రోజు

అంకె 17.

ఓదెమ్మకు ఈ నెల చూపు రద్దు చేశారని కబురు వచ్చింది. ఆమె పడుకునే షెడ్డుకు రాత్రిళ్ళు బయట నుంచి తాళం వేస్తున్నారట. తాను రాలేదని అరిచిందట. రెండు రోజులు గంజి మాత్రమే అన్నారు.

తాళం వేశాక కూడా రేపు పదిహేడు వస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మూడో రోజు అవుతుంది.

ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను. ఆకురాయి పట్టిన రోజులు ఒక చోట రాశాను. అంకె పెరిగిన రోజులు పక్కన రాశాను. డబ్బా పని చేసిన ప్రతిసారీ మర్నాడు అంకె పెరిగింది. పని ఆపిన రోజుల్లో నిలబడింది, లేదా తగ్గింది. జుట్టు తీశాక తగ్గిందనుకున్నాను. అప్పుడు రెండు రోజులు డబ్బా ముట్టలేదు. ఓదెమ్మ చాప కింద తుడిచిన రోజు పొద్దుట ఆ చాప మీద కూర్చునే అరగదీశాను. ఆమె ట్రాలీ ఎక్కకముందే అంకె ఇరవై మూడు నుంచి పదిహేడుకు దిగింది. అదంతా నా చేతితోనే రాసి ఉంది.

సాయంత్రం ఇల్లంతా కడిగాను. గుడ్డతో నేల తుడవలేదు. ఆ గుడ్డతో ఆకురాయి తుడిచి పెట్టెలో పెట్టాను.

బడి పదమూడో రోజు

అంకె 212.

మేడం పరుగున వచ్చింది. గుడ్డ బయట మెట్టు మీద పడిందని, ఆ గుడ్డే పెట్టానని చెప్పాను. ఎవరి చెప్పులకో బూడిద అంటుకుని ఉంటుందన్నాను. నేను ఎప్పుడూ అబద్ధం చెప్పిన మనిషిని కాను కనుక నమ్మింది. ఆ రోజును లెక్కలోంచి తీసేసింది. తన ముందే కొత్త గుడ్డతో తుడిపించింది.

ఆ 212 ఆకురాయి మీది పొడిది. మాటు తీగ తగరం కాదు. సీసం కలిసిన తీగ. వర్క్‌షాపు పుస్తకాల్లో మాటు ఎలా పెట్టాలో బొమ్మలున్నాయి. తీగ దేనితో చేస్తారో లేదు. ఉన్నవరకే నేర్చుకున్నాను.

మొగిలి డబ్బా, చంద్రి డబ్బా, తీగ చుట్ట, ఆకురాయి బాయి మట్టి పోసిన ఓబీ గుట్ట అవతల లోతుగా పూడ్చాను. వేలు తెగకుండా చేసిన ఆ డబ్బాలో, సీసం అతుకుల మధ్య నుంచి చంద్రి పన్నెండు రోజులు అన్నం తిన్నది. డబ్బా ఎవరో ఎత్తుకుపోయారని చెప్పాను. ఎవరో చెప్పమని ఏడ్చింది. ఏడవనిచ్చాను. రేపటి నుంచి మోదుగాకు పొట్లం. మొగిలికి రేకు అయిపోయిందన్నాను.

"నీ పొల్లకైతే దొరుకుతది, మా పొల్లకు దొరకదు" అని పోయాడు.

బడి పద్నాలుగో రోజు

అంకె 8. షెడ్డుకు తాళం వేశాక తగ్గిందని బడిలో అందరూ అంటున్నారు.

పొద్దున బడి దాకా నడిచాను. మేడం గది ముందు బెంచీ మీద కూర్చున్నాను. చెబితే ఓదెమ్మ బయటికి వస్తుంది. చంద్రి అద్దాల ఇంట్లోకి పోతుంది. పదహారేళ్ళు వచ్చేదాకా, అంటే ఇంకా పదేళ్ళు. ఓదెమ్మ వచ్చి ఖాళీ ఇంట్లో ఏం చేస్తుంది? నా ముఖం చూస్తూ కూర్చుంటుంది. ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా ఒకటే వచ్చింది. అందులో నాకు అనుకూలమైనది కూడా ఒకటి ఉందని తెలుసు. దాన్ని వేరుగా రాయలేదు.

మేడం బయటికి వచ్చి, "ఏం గట్టయ్యా?" అంది.

"చంద్రి పలక అంచు చూసిపోదామని వచ్చాను."

"మంచిగున్నది. అందరు నీ అసొంటి తండ్రులైతే మాకు పనే ఉండదు."

బడి ముప్పై ఒకటో రోజు

కాపు నెల అయిపోయింది. పెట్టె తీసుకుపోయారు. చివరి అంకె 4.

బడి యాభై రెండో రోజు

ఈ రోజు మొదటి చూపు.

చంద్రి ముక్కుకు గుడ్డ కట్టుకుంది. నేను చెప్పలేదు, బడిలో చెప్పారు. తీగకు పది అడుగుల దూరంలో సున్నంతో గీసిన గీత మీద నిలబడింది. అవతల ఓదెమ్మ. తల మీద అంగుళం జుట్టు పెరిగింది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి, అక్కడక్కడా తోలు లేచి ఉంది.

"ఏం దొరసానీ, మొకం దాసుకున్నవ్? పండ్లు ఊడినయా?"

"రెండు ఊడినయి." చంద్రి గుడ్డ తీసి చూపించబోయి, మళ్ళీ కట్టుకుంది. "తియ్యొద్దు. దుమ్ము."

"తియ్యకు, తియ్యకు. నాకు కనబడ్డయిలే."

చంద్రి ఇరవై దాకా అంకెలు అప్పజెప్పింది. అయ్యాక పోదామా అని నన్ను అడిగింది. ట్రాలీ దగ్గర ఉండమని పంపాను.

ఓదెమ్మ తీగ దగ్గరికి వచ్చింది.

"చేతులేంది?" అని అడిగాను.

"సున్నం నీళ్ళతో రుద్దుతున్న. రోజుకు రెండు పూటలు. బూడిద దిగుతదని ఈడ ఆడోళ్ళు చెప్పిన్రు." అటూ ఇటూ చూసింది. "ఓ మాట చెప్పాలె నీకు. నేను ఆ రాత్రి రాలే. నీకు ఎరుకనే గదా?"

"తెలుసు."

"మరి ఆ పొద్దు అంకె ఎట్ల పెరిగిందయ్యా? గదే సోంచాయిస్తున్న నేను. నేను ఈడ ఉన్న. అంకె ఆడ పెరిగింది. అంటే నాది గాదేమో గద." కళ్ళు పెద్దవయ్యాయి. "వానలు పోయినంక మిషన్ వస్తదంట. పది మందిమి పేర్లు ఇచ్చినం. ఒళ్ళు పరీక్ష చేస్తే తేలిపోతది. నాల ఏం లేదని తేలితే, దసరాకల్లా ఇంటికొస్త."

మిషన్ ఆమె ఒంట్లో బూడిద విషమేమీ లేదని చెబుతుంది. ఆ రోజే తప్పు పేరు రాశానని తేలుతుంది. ఆ సాయంత్రమే అద్దాల ఇంటి బండి వస్తుంది.

"పేరు తీసెయ్యి" అన్నాను.

"ఎందుకు?"

"నీ అంకె చంద్రి చీటీ మీద ఎక్కుతుంది. ఎంత వచ్చినా ఎక్కుతుంది. బూడిద బిడ్డ అని రాస్తారు. పై తరగతికి పోనియ్యరు."

అలాంటి నియమం లేదు. అప్పటికప్పుడు చెప్పాను.

ఆమె ట్రాలీ వైపు చూసింది. చంద్రి చక్రం మీద కాలు పెట్టి ఆడుకుంటోంది.

"నాకు చెప్పలే ఎవ్వరు" అంది.

"నేను చెబుతున్నాను కదా."

"నీ పుస్తకంల రాసినవ్ గదా అంతా. ఏ రోజు ఏ అంకెనో. మల్ల చదివినవా?"

"చదివాను."

"నాదేనా?"

"నీదే."

"ఆ పొద్దు పెరిగింది?"

"అది చెప్పులకు అంటుకుని వచ్చిన బూడిద. బడిలో కూడా రాశారు."

ఆమె తల ఊపింది. తీగ మీద చేయి పెట్టి, నేను దగ్గరగా ఉన్నానని చూసి తీసేసింది.

"మంచిగైంది చెప్పినవ్" అంది. "తెల్వక నా పొల్ల బతుకు నేనే ఆగం చేద్దును. రుద్దుడు గూడ బంద్ చేస్త ఇగ. మంటైతున్నది."

"ఇప్పుడే పోయి పేరు కొట్టేయించు."

"ఇప్పుడేనా? ట్రాలీ పోదా మరి?"

"ఆగుతుంది."

ఆమె వరస చివర ఉన్న ఆఫీసు గదిలోకి పోయింది. చంద్రి రెండుసార్లు పిలిచింది. నేను తీగ దగ్గరే నిలబడ్డాను. కొంతసేపటికి ఓదెమ్మ గది గుమ్మంలోకి వచ్చి, కొట్టేశారన్నట్టు అక్కడి నుంచే చేయి ఊపింది. నేను కూడా ఊపాను.